భక్తియు, భయమును : ‘దేవి’ చిత్రమును గూర్చి

(మన గ్రంథాలయ రజతోత్సవముల రెండవనాటి సాయంకాల సభలో చేసిన ప్రసంగము)

  

పండితులు కూర్చుండవలసిన ఈ వేదికపై నన్ను నిలువబెట్టినందులకు కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. కొంచెము జంకుచున్నవాడను కూడ. నేను లెక్కలు వ్రాసుకొని బ్రతుకువాడను. సహకార సంఘపు చిట్టా, ఆవర్జాలే నా నిత్యపారాయణ గ్రంథములు. గురుముఖమున చదువుకొన్నది పదవ తరగతివరకే. ఆ పైని చదివిన భారత భాగవతములు, నాలుగైదు కావ్యములు ఈ గ్రంథాలయపు బీరువాలలోనివి. నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, రాత్రి భోజనమైన తరువాత చదివినవి. కనుక నా మాటలలో తప్పులున్నచో అవి నావి. ఒప్పులున్నచో అవి ఈ బీరువాలవి.

ఉత్సవములలో భాగముగా మొన్న రాత్రి ఈ ఆవరణలో తెర కట్టి చూపిన ‘దేవి’ అను వంగ చిత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నాకు ఆజ్ఞ అయినది. తెర క్రింద వచ్చు ఆంగ్లాక్షరములను మన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఎప్పటికప్పుడు తెలుగున వినిపించుచుండిరి. చిత్రము ముగిసిన పిదప చప్పట్లు వినబడలేదు. జనము మాటలాడక చాపలు చుట్టుకొని లేచిరి. ఇంతలో ఒక వృద్ధురాలు నన్ను దగ్గరకు పిలిచి, “ఏం నాయనా, భయం పుట్టించే సినిమా అన్నారు. దయ్యం ఒక్కటీ కనబడలేదే! మరి నా గుండె ఇంతసేపూ ఎందుకు కొట్టుకుంది?” అని అడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆ రాత్రి నిద్రయు పట్టలేదు. నేటి నా ప్రసంగమంతయు ఆ తల్లి ప్రశ్నకు వెదకుకొన్న సమాధానమే.

చిత్రమును చూడనివారి కొరకు ముందుగా దాని పుట్టుపూర్వోత్తరములను మనవి చేసెదను. ‘దేవి’ 1960వ సంవత్సరమున విడుదలైనది. దర్శకులు సత్యజిత్ రాయ్ గారు. ఆయన 1955లో ‘పథేర్ పాంచాలి’ని, 1956లో ‘అపరాజితో’ను, 1959లో ‘అపూర్ సంసార్’ను నిర్మించి దేశదేశములయందు పేరు గాంచిరి. ‘దేవి’కి మూలము ప్రభాతకుమార ముఖోపాధ్యాయులు వ్రాసిన కథ. ఆ కథకు బీజమైన ఇతివృత్తమును ఆయనకు సూచించినవారు విశ్వకవి రవీంద్రులు. అలీ అక్బర్ ఖాన్ గారు సంగీతమును, సుబ్రత మిత్ర గారు ఛాయాగ్రహణమును సమకూర్చిరి. మామగారి పాత్రను ఛబి విశ్వాస్ గారును, కోడలి పాత్రను షర్మిలా ఠాగూర్ గారును, ఆమె భర్త పాత్రను సౌమిత్ర చటర్జీ గారును ధరించిరి. షర్మిల గారికి అప్పటికి పదునైదేండ్ల ప్రాయము. చిత్రమునకు వంగభాషా చిత్రములలో ఉత్తమమైనదిగా రాష్ట్రపతి రజత పతకము లభించెను. హిందూమతమును నిందించినదని ఆనాడు కొందరు ఆగ్రహించిరి కూడ. ఆ ఆగ్రహము సమంజసమా కాదా అను విషయమును చివర మనవి చేసెదను.

కథ 1860 ప్రాంతమున వంగదేశములోని చాందీపురమను గ్రామమున జరుగును. కాళీకింకరుడు అక్కడి జమీందారు. కింకరుడనగా సేవకుడు, పేరునకు తగినట్లు ఆయన కాళికా భక్తుడు. భార్య గతించినది. పెద్దకుమారుడు తారాప్రసాదుడు, అతని భార్య హరసుందరి. వారికి ఒక చిన్న కుమారుడు. చిన్నకుమారుడు ఉమాప్రసాదుడు, అతని భార్య దయామయి. ఆమెకు పదునేడేండ్లు. ఉమాప్రసాదుడు ఆంగ్లవిద్య కొరకు కలకత్తాకు పోవును. దయామయి ఇంట మామగారికి పాదములొత్తుచు, మందు అందించుచు, తోడికోడలి బిడ్డను పడుకొనబెట్టి కథలు చెప్పుచు, తాను పెంచుకొన్న చిలుకతో మాటలాడుచు కాలము గడుపుచుండును. మామగారు ఆమెను ‘అమ్మా’ అని పిలుచును. కోడలిని అమ్మా అని పిలుచుట మన ఇండ్లలోను ఉన్నదే. ఆ పిలుపులో ఎంత చల్లదనమున్నదో మనమెరుగుదుము. కథలోని ప్రమాదమంతయు ఆ చల్లని పిలుపునుండియే పుట్టును.

ఒక రాత్రి కాళీకింకరునకు స్వప్నము వచ్చును. చీకటిలో దేవి నేత్రములు మూడు వెలుగుచు సమీపించును. అవి వచ్చి వచ్చి దయామయి ముఖముగా మారును. వృద్ధుడు లేచి తడబడు అడుగులతో పోయి కోడలి పాదములపై పడును. జగన్మాతయే తన ఇంట కోడలై అవతరించినదని ఆయన నిశ్చయించుకొనెను. తండ్రి మాట విని పెద్దకుమారుడును వచ్చి సాగిలపడును. ఆ క్షణమున ఆ బాలిక ఏమి చేసినదో చూచినవారు మరువజాలరు. ఆమె నోట మాట రాలేదు. కాలివ్రేళ్లు ముడుచుకొన్నవి. ముఖమును గోడవైపునకు త్రిప్పుకొన్నది. పూజలో తొలి పుష్పము పడకముందే ఆమె సమాధానము ఆ కాలివ్రేళ్లలో ఉన్నది. దానిని చదివినవారు ఆ ఇంట లేరు.

పిదప ఆమెను పీఠముపై కూర్చుండబెట్టిరి. ధూపము, దీపము, గంటలు, హారతులు. ఆ పొగలో, ఆ ధ్వనిలో ఆమె సొమ్మసిల్లి ఒరిగిపోయినది. చూచినవారు దానిని సమాధి అనుకొనిరి. హరసుందరి ఒక్కతె మాత్రము ఇది తప్పని గ్రహించి, కలకత్తాలోని మరదికి జాబు వ్రాసెను. ఉమాప్రసాదుడు పరుగున వచ్చి తండ్రితో వాదించుచున్న సమయముననే ఒక పేదవాడు చావుబ్రతుకులలో నున్న మనుమని తెచ్చి గుమ్మమున పరుండబెట్టి చరణామృతమును పోయించెను. పిల్లవాడు కన్నులు తెరచెను! ఇక ఎవరు ఎవరితో వాదింపగలరు? ఊళ్లకు ఊళ్లు కదలి వచ్చినవి.

ఆ రాత్రి ఉమాప్రసాదుడు భార్యను రహస్యముగా నదీతీరమునకు తీసికొనిపోవును. పడవ ఎక్కినచో ఇద్దరును బ్రతుకుదురు. కాని నిమజ్జనము చేసిన దుర్గాప్రతిమ యొక్క శిథిలము ఒకటి ఆ ఒడ్డున ఆమె కంటబడును. ఆమె అడుగు ఆగిపోవును. “నేను నిజముగా దేవినే అయినచో?” అను సందేహము ఆ నిమిషమున ఆమెను పట్టుకొనును. ఆ బిడ్డ బ్రతుకుట ఆమెయు చూచినది కదా! తాను వెడలిపోయినచో భర్తకేమి అమంగళము జరుగునో అని భయపడి వెనుకకు మరలును. కొన్నాళ్లకు హరసుందరి కుమారునికి జ్వరము వచ్చును. తల్లి వైద్యుని కోరును. ఇంట దేవి ఉండగా వైద్యుడేల? బిడ్డను దయామయి ఒడిలో పెట్టుదురు. బిడ్డ మరణించును. హరసుందరి ఆమెను రాక్షసి అని నిందించును. ఉమాప్రసాదుడు తిరిగి వచ్చు సరికి దయామయికి మతి చలించియున్నది. ఆమె నగలు పెట్టుకొని, ఇచ్చట నుండి పోవలెనని తొందరపడుచు, వెలుపలికి పరుగెత్తి మంచులో అదృశ్యమగును. ఇదియే కథ.

ఇప్పుడు ఆ వృద్ధమాత ప్రశ్నకు వత్తును. దయ్యము లేక భయమెట్లు కలిగినది? భరతముని నాట్యశాస్త్రమున భయానక రసమునకు కారణములను చెప్పుచు వికృత ధ్వనులను, భూతదర్శనమును, నక్కల గుడ్లగూబల కూతలను, శూన్యగృహమును, అరణ్యమును పేర్కొనెను. ఇవియన్నియు మనము ఊహించునవే. కాని ఆ పట్టికలోనే మరియొక కారణము కలదు: గురువుల యెడను, రాజుల యెడను అపరాధము చేయుట. మొదటిసారి చదివినపుడు ఇది ఆ పట్టికలోనికి ఎట్లు వచ్చినదా యని ఆశ్చర్యపడితిని. ‘దేవి’ని చూచిన తరువాత అర్థమైనది. నిండు ఇంటిలో, పట్టపగలు, పూలు పండ్లు మధ్యను, దీపము వెలుగుచుండగా కలుగు భయమది. పెద్దవారి మాటకు ఎదురాడినచో ఏమగునో యను భయము. నక్కకూత విని కలిగిన భయము తెల్లవారగనే పోవును. ఈ భయము తెల్లవారినపుడే మొదలగును. ఏలయన పూజ తెల్లవారియే ఆరంభమగును.

ఇంకొక సంగతి. కాళీకింకరుడు మోసగాడైనచో మనకింత భయము కలుగకపోవును. దొంగ స్వామి యైనచో తరిమివేయవచ్చును, ఠాణాలో అప్పగింపవచ్చును. ఈయన దొంగ కాడు. కోడలిపై ఈయనకు ద్వేషమును లేదు. దక్షిణల పైని ఆశయు లేదు. ఆయన కన్నీరు నిజమైనది; ఆయన నమస్కారము నిజమైనది. నిజమైన ప్రేమతో, నిజమైన భక్తితో ఒక మనిషి తన ఇంటి బిడ్డనే నశింపజేయగలడని చూచినపుడు మనము మన చేతులవైపు చూచుకొందుము. గుండె కొట్టుకొనుట అందుకే.

నేను లెక్కలవాడను గనుక లెక్కల భాషలో చెప్పుటకు అనుమతింపుడు. సంవత్సరాంతమున తనిఖీదారు వచ్చినపుడు జమ ఎంత యని మాత్రమే చూచి పోడు. జమకు ఎదుట ఖర్చు వ్రాసినారా, రసీదు ఉన్నదా, నిల్వ సరిపోయినదా యని చూచును. జమ మాత్రమే వ్రాసిన చిట్టాలో ప్రతి సంఘమును ధనికమే! కాళీకింకరుని చిట్టాను విప్పి చూడుడు. పేదవాని మనుమడు కన్ను తెరచెను; అది దేవి ఖాతాలో జమ. మంచిది. ఆ తరువాత వరుసలు కట్టి వచ్చిన వందలాది రోగులలో చరణామృతము త్రాగియు బ్రతుకనివారెందరు? అందులకు పుటయే లేదు. జ్వరములలో తమంతట తగ్గునవియు కలవు గదా యను వ్యాఖ్యకు చోటు లేదు. చివరకు తన మనుమడే మరణించెను. ఆ ఖర్చును ఎచ్చట వ్రాసెను? “నేనేమి అపరాధము చేసితిని?” యని దేవి యెదుట వాపోయెను. అనగా నష్టమును తన పాపపు ఖాతాకు త్రిప్పెను. లాభము వచ్చిన దేవి మహిమ. నష్టము వచ్చిన భక్తుని దోషము. ఇట్టి లెక్కలో స్వప్నము ఎన్నటికిని తప్పు కానేరదు. సర్వమును దేవికి అర్పించిన ఆ వృద్ధుడు తన కలను మాత్రము తనిఖీకి పెట్టలేదు. నా అల్పబుద్ధికి భక్తికిని మూఢభక్తికిని గల భేదమిదియే.

ఇక కుమారుల సంగతి. పెద్దవాడు మారుమాట లేక సాగిలపడెను. చిన్నవాడు చదువుకొన్నవాడు. వితంతు వివాహమును చట్టసమ్మతము చేసిన శాసనము 1856లో వెలువడినది. అందులకు విద్యాసాగరులు పడిన పాటు లోకవిదితము. ఆ గాలి వీచుచున్న కలకత్తాలో, ఒక వితంతువును పెండ్లాడగోరిన మిత్రునికి ధైర్యము చెప్పినవాడీ ఉమాప్రసాదుడు. పరుల ఇంటి విషయమున సంస్కర్త. తన ఇంటి గడపలో అడుగిడగనే చిన్నకొడుకు. అతనిని నిందించుట తేలిక. మనలో ఎందరము సభలలో వరకట్నమును ఖండించి ఇంటికి పోయి పెద్దల మాట కాదనలేక తల వంచలేదు? ఉమాప్రసాదుడు ప్రయత్నింపకపోలేదు. నీవు దేవివని నమ్ముచున్నావా యని ఆమెను అడిగినవాడు అతడొక్కడే. కాని అడుగు నాటికే ఆలస్యమైనది. అప్పటికి ఆమెకు తన సమాధానముపై తనకే నమ్మకము పోయినది. చుట్టును ఉన్నవారందరు పదే పదే ఒకటే మాట అన్నచో పదునేడేండ్ల పిల్ల మనస్సు ఎంతకాలము నిలువగలదు? ఆమె వెనుకకు మరలిన ఆ నదీతీరమే నాకు చిత్రమంతటిలోను అత్యంత భయంకరమైన స్థలము. ఇతరుల పిచ్చి ఆమెలోనికి ప్రవేశించిన చోటు అది.

తండ్రి ఆజ్ఞ అను ధర్మసంకటము మన పురాణములకు క్రొత్తది కాదు. జమదగ్ని ఆజ్ఞాపింపగా నలుగురు అన్నలు కాదనిరి, పరశురాముడు తల్లి శిరమును ఖండించెను. ఈ కథ మన పిల్లలకు కూడ తెలియును. కాని శాంతిపర్వములో దీనికి సరిగా ఎదురుగా నిలుచు కథ ఒకటి కలదు; అది ఏలనో మన నోళ్లలో నానలేదు. గౌతముడు భార్యపై కోపించి, తల్లిని వధింపుమని కుమారునికి ఆజ్ఞ ఇచ్చి అడవికి పోయెను. ఆ కుమారుడు ప్రతి పనియు చాల సేపు ఆలోచించి చేయువాడగుటచే అతనిని చిరకారి యనిరి. అతడు కత్తి పట్టుకొని ఆలోచింప మొదలిడెను. తండ్రి యెంతటివాడని తలచెను. తల్లి యెంతటిదని తలచెను. ఇట్లు తలచుచుండగనే ప్రొద్దు గడచినది. అచ్చట గౌతముని కోపము చల్లారి, అయ్యో ఎంత పని చెప్పితినని ఏడ్చుచు పరుగెత్తి వచ్చెను. భార్య బ్రతికియున్నది! తండ్రి కుమారుని కౌగిలించుకొని అతని ఆలస్యమును పొగడెను. తండ్రి మహిమను చెప్పు శ్లోకములను మనము కంఠస్థము చేసికొన్నాము. చిరకారి తండ్రిని పొగడి అచ్చటనే ఆగలేదు, తల్లిని గూర్చియు తలపోసెను; ఆ రెండవ భాగమును మాత్రము మరచితిమి. చాందీపురమున లేనిది భక్తి కాదు, చిరకారి. ఒక్క పూట ఆలోచించి చూతమనువాడు ఆ ఇంట పుట్టలేదు.

సిరియాళుని చరిత్రను శ్రీనాథుడు హరవిలాసమున వర్ణించెను. జంగమవేషమున వచ్చిన శివుని కోరికపై కన్నకొడుకునే వండి వడ్డించిన దంపతుల కథ యది. చదువునపుడు నా ఒడలు గగుర్పొడిచినది. అయినను ఆ కథ చివర బిడ్డ బ్రతికి వచ్చును. పరశురాముని తల్లియు వరముచే బ్రతుకును. కవులు మరచిపోక బ్రతికించిరి. బ్రతుకనిచో వినువారు సహింపరని వారెరుగుదురు. ఆ వరము దేవుని చేతిలోనిది, కథ చెప్పు కవి చేతిలోనిది. మన చేతిలోనిది కాదు. పురాణములోని సాహసమును మాత్రము అరువు తెచ్చుకొని, వరమును తెచ్చుకొనలేనివాడు తన ఇంట ఏమి మిగుల్చుకొనును? ‘దేవి’ చూపినది అదియే. వరము లేని పురాణమది. హరసుందరి బిడ్డ తిరిగి లేవలేదు.

సోదరులారా! ఇంతవరకు వంగదేశపు మాట. ఇప్పుడు చెప్పబోవునది నా ఇంటి మాట. మా చెల్లెలి అనుమతి తీసికొనియే చెప్పుచున్నాను. ఆమె ఈ సభలోనే ఉన్నది.

నలువది ఏండ్లు దాటినది. నాకు పదుమూడేండ్లు, ఆమెకు తొమ్మిదేండ్లు. ఒక మంగళవారము సంధ్యవేళ ఆమె పెరటిలో పడి కాలు సేతులు కొట్టుకొనెను, కన్నులు తేలవేసెను. మా తాతగారు చూచి పూనకమనిరి. ఆయన ఊరిలో అందరికి తలలో నాలుక; ఒకరి సొమ్ము ఆశించి ఎరుగనివాడు; మమ్ములను గుండెలపై పెంచినవాడు. తరువాతి మంగళవారమును ఆమె పడిపోయినది. ఇక సందేహమేమి? పసుపు పూసి, వేపమండలు కట్టి, పీటపై కూర్చుండబెట్టిరి. ఇరుగుపొరుగు ఊళ్లనుండి జనము వచ్చిరి. పంట గూర్చి, పెండ్లిండ్లు గూర్చి, పోయిన ఎద్దును గూర్చి ఆ తొమ్మిదేండ్ల పిల్లను అడిగిరి. నా వ్రాత గుండ్రముగా ఉండునని తాతగారు నన్ను ఒక పుస్తకము తీసికొని వచ్చిన కానుకలను వ్రాయుమనిరి. నేను నా జీవితములో వ్రాసిన మొదటి చిట్టా అది. కొబ్బరికాయలు ఇన్ని, రవికగుడ్డలు ఇన్ని, రూపాయలు ఇన్ని. ఎంతో గర్వముగా వ్రాసితిని. మూడు వారముల లెక్క ఒక్క పైస తేడా లేక సరిపోయినది. నా చెల్లెలు ఎన్ని రాత్రులు నిద్ర లేక కూర్చున్నదో ఆ పుస్తకములో లేదు.

మా అమ్మ ఆ ఇంటి కోడలు. మామగారి యెదుట నిలిచి మాటలాడి ఎరుగదు. నాల్గవ మంగళవారము పిల్ల హారతి పళ్లెము మీదికి ఒరిగిపడి చేయి కాలెను. ఆ రాత్రి అమ్మ మాటలాడలేదు. తెల్లవారుజామున తన చేతి గాజులలో ఒకదానిని కొంగున కట్టుకొని, పిల్లను చంకనెత్తుకొని, మొదటి బస్సు ఎక్కి పట్టణములోని ఆసుపత్రికి పోయెను. అది మూర్ఛవ్యాధి యని వైద్యులు చెప్పిరి. మెదడులోని నరముల చలనము క్షణకాలము గతి తప్పుటచే కలుగు వ్యాధి అది; ఆవేశము కాదు, శాపము కాదు, అంటునదియు కాదు. తగిన మందు క్రమము తప్పక వాడినచో ప్రతి పదిమంది రోగులలో ఏడుగురివరకు మూర్ఛలు లేక జీవింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మా చెల్లెలు ఆ ఏడుగురిలో ఒకతె యైనది. చదువుకొన్నది, గృహిణి యైనది, నేడు మనుమరాలిని ఎత్తుకొని మీ మధ్య కూర్చున్నది. తాతగారు మా అమ్మతో ఏడాదివరకు మాటలాడలేదు. ఏడాది తరువాత ఒకనాడు, “అమ్మా, పిల్ల మందు వేసుకుందా?” అని అడిగిరి. అంతే. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన తన చిట్టాను దిద్దుకొనిరని నేననుకొందును. కాళీకింకరునికి ఆ అవకాశము దక్కలేదు.

ఈ ప్రసంగములో ఆ సంగతి చెప్పవచ్చునా యని నిన్న మా చెల్లెలిని అడిగితిని. ఆమె కొంచెము సేపు ఊరకుండి, “చెప్పు అన్నయ్యా. కాని ఇంకొకటి కూడా చెప్పు. ఆ పీట మీద నాకు దాహం వేసేది. మంచినీళ్ళు కావాలంటే, అమ్మవారు పానకం అడుగుతోందని కేకలు వేసేవారు. నాకు నీళ్ళు కావాలి. పానకం తెచ్చి పోసేవారు. ఆ మాట చెప్పు” అనెను.

నలువది ఏండ్లుగా ఆమె ఆ మాట నాకు చెప్పలేదు. నేను అడుగలేదు. ఆ పీటకు రెండడుగుల దూరములో కలము పట్టుకొని కూర్చున్నవాడను నేనే. మొన్న తెరపై దయామయి సొమ్మసిల్లినపుడు సమాధి, సమాధి అనుచుండగా చీకటిలో నా ప్రక్కన ఒక చేయి వచ్చి నా మణికట్టును పట్టుకొన్నది. అది కాలిన మచ్చ గల చేయి.

కనుక ఆ వృద్ధమాతకు నా సమాధానమిది. అమ్మా, దయ్యము లేకుండుటయే భయమునకు కారణము. దయ్యమైనచో మంత్రగానిని పిలుతుము. ఇచ్చట ఉన్నవారందరు మనవారే. దాహమన్న బిడ్డకు పానకము పోసినవారు కూడ ప్రేమతోనే పోసిరి.

చిత్రము హిందూమతమును నిందించినదా యను ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. చిత్రారంభమున ఏ రూపురేఖలు లేని తెల్లని మట్టి ముఖము ఒకటి కనబడును. క్రమక్రమముగా దానికి రంగులు, కన్నులు, కిరీటము వచ్చి దేవి యగును. మట్టికి మనము ప్రాణప్రతిష్ఠ చేయుదుము. అది మన భక్తి. దానిని రాయ్ గారు వెక్కిరింపలేదు. ప్రాణమున్న పిల్లను మట్టిగా భావించి రంగులు పూయుటను మాత్రము వేలెత్తి చూపిరి. మట్టి ప్రతిమకు దాహము వేయదు. పిల్లకు వేయును. ఈ భేదమెరిగినవాడు ఎన్ని పూజలు చేసినను నేను నమస్కరింతును. నేను నాస్తికుడను కాను. ప్రతి మంగళవారము మా ఇంట దీపము పెట్టెదము. మా చెల్లెలే పెట్టును.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇన్ని వేల పుస్తకములు మనకేమి చేసినవని కొందరు అడుగుచుందురు. పంట పండింపలేదు, అప్పు తీర్పలేదు. నిజమే. కాని పుస్తకము తెరచినవాడు చదువునంతసేపైనను చేయి ఆపును. చేయి ఆపి ఆలోచించుటయే చిరకారి చేసిన పని. దానిచేత ఒక తల్లి బ్రతికెను. గ్రంథాలయము ఊరికి ఇచ్చునది ఆ ఆలస్యమే.

ముగించుటకు ముందు ఒక్క విన్నపము. రేపు మన ఇండ్లలో ఎవరికైనను స్వప్నము వచ్చినను, పూనకము వచ్చినను, జ్వరము వచ్చినను, దేవునికి మ్రొక్కుకొనుడు; నేను వలదనను. కాని ఆ మ్రొక్కుతోపాటు వైద్యుని వద్దకును పొండు. అంతకుముందు ఆ పీటపై కూర్చున్న బిడ్డ దగ్గర వంగి, “నీకేం కావాలమ్మా?” అని అడుగుడు. నీళ్లన్నచో నీళ్లే ఇండు.